అన్నం వేళ ఎవరి చేతిలో ఉంది?

అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదంటే హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర. పడమటి తీరంలో తొమ్మిదయ్యేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అక్కడి క్లయింట్లతో పనిచేసే మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగుల కాల్స్ చాలావరకు ఈ మూడు గంటల్లోనే పడతాయి. కూర దించి కంచాలు పెట్టుకునే వేళ కూడా అదే. నవంబరులో అమెరికా తన గడియారాలను గంట వెనక్కి తిప్పుకుంటే కొండాపూర్‌లోని ఇళ్లలో రాత్రి భోజనం గంట ఆలస్యమవుతుంది. మళ్లీ మార్చి దాకా అంతే.

భోజన వేళలు చెడిపోయాయని మాట్లాడినప్పుడల్లా నింద తినేవాళ్ల మీదే పడుతోంది. క్రమశిక్షణ లేదు, బయటి తిండి మరిగారు, అర్ధరాత్రి బిరియానీలు తెప్పించుకుంటున్నారు అంటాం. ఒంటిగంటకు షిఫ్టు దిగినవాడికి ఆకలి అప్పుడే తెలుస్తుంది. ఆ వేళ ఏది దొరికితే అదే తింటాడు.

తీరిక లేకపోవడం మనకు కొత్త కాదు. నాట్ల రోజుల్లో కూలీలకు క్షణం తీరిక ఉండేది కాదు. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని మడిలో దిగేవాళ్లు. అయినా మధ్యాహ్నం అన్నం గంప రాగానే అందరూ ఒక్కసారే గట్టెక్కేవాళ్లు. పని అందరికీ ఆగేది. ఇప్పుడు ఎవరికీ ఆగడం లేదు కనుక ఒక చేత్తో స్పూను, మరో చేత్తో మౌస్ పట్టుకుని తింటున్నాం. ఇంట్లో నలుగురుంటే నాలుగు వేళలు. ఆ నాలుగు వేళలకూ వేడిచేసి పెట్టే భారం మాత్రం ఎక్కువ ఇళ్లలో ఒక్కరిదే. తెల్లవారకముందే లేచి అందరికీ బాక్సులు కట్టి, తన టిఫిన్ మానేసి బస్సెక్కే ఉద్యోగినికి ‘వేళకు తిను’ అన్న సలహా ఏం పనికొస్తుంది?

ఒంట్లోని గడియారం మాత్రం రోస్టర్లకు లొంగదు. దాని పనితీరును విప్పిచెప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ వచ్చింది. పొద్దుపోయాక మెలటోనిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. మధ్యాహ్నం అరిగిన అన్నమే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర మరింత పెరిగి, ఎక్కువసేపు దిగదు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో అంచనా వేసింది. కారణాలు అనేకం. వాటిలో పని వేళలను సరిదిద్దడం డాక్టరు వల్ల అయ్యేది కాదు, ప్రభుత్వం వల్ల అవుతుంది.

ఆ ప్రభుత్వాలే ఎదురుదారి పట్టడం బాధ కలిగిస్తోంది. ఏకధాటిగా అయిదు గంటలకు మించి పని చేయించకూడదని, ఆలోగా కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఆ అయిదును ఆరు చేసింది. తెలంగాణ అదే ఏడాది వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి వీలు కల్పించింది. అక్కడా అరగంట విరామానికి గడువు ఆరు గంటలే. ఎనిమిదింటికి పనిలో చేరిన మనిషికి రెండింటి దాకా అన్నం పెట్టకపోయినా నిబంధన తప్పినట్టు కాదన్నమాట. పెట్టుబడులు కావాలి, నిజమే. వాటికోసం కార్మికుడి అన్నం గంటసేపు వాయిదా వేయడం నాకు న్యాయంగా కనిపించడం లేదు.

మనకు అన్నం మోసుకొచ్చే డెలివరీ కుర్రాళ్లకు ఆ అరగంట హామీ కూడా లేదు. నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చేది మధ్యాహ్నం, రాత్రి భోజన వేళల్లోనే. ఊరంతా తిన్నాక, ఏ మూడున్నరకో ఫ్లైఓవర్ కింద బండి ఆపి తింటారు.

దుకాణాలు, సంస్థల చట్టంలోని పలు నిబంధనల నుంచి ఐటీ కంపెనీలకు రెండు రాష్ట్రాలూ మినహాయింపులిస్తూ వస్తున్నాయి. ఈసారి వాటిని పొడిగించేటప్పుడు రెండు షరతులు చేర్చాలి: రాత్రి కాల్స్ ఉన్నవాళ్లకు ఎనిమిది నుంచి తొమ్మిది లోపు ఎవరూ మీటింగు పెట్టకూడని అరగంట, రాత్రి షిఫ్టులో వేడి భోజనం. డెలివరీ యాప్‌లు కూడా భోజనానికి ఆగిన అరగంటను పనిలో ఉన్నట్టే లెక్కగట్టాలి, ప్రోత్సాహకంలో కోత పెట్టకూడదు.