హార్మోను సీసాకు ముందు మట్టి పరీక్ష

నార్సింగి చుట్టుపట్ల పెద్ద పెద్ద మేడలు లేచినవి. అయినను చేను వదలని రైతులు ఈ ప్రాంతమున ఇంకను ఉన్నారు. టమాట, వంగ మొక్కలు గిడసబారి వేరు కురచగా కనబడగానే, కొందరు దుకాణమునకు పోయి హార్మోను సీసా తెచ్చుచున్నారు. మట్టి సంగతి తెలియక మందు కొనుట తగదని నా అభిప్రాయము.

వేరు కురచబారుటకు గల కారణములలో అల్యూమినియము ఒకటి. ఈ లోహము ప్రతి నేలలోను ఉన్నది. మట్టి రేణువులలో బంధింపబడి యున్నంతవరకు హాని లేదు. నేలలో పులుపు హెచ్చి ఉదజని సూచిక 5.5కు, ముఖ్యముగా 5కు దిగువకు పోయినప్పుడు అది కరిగి విషమగును. మొదటి దెబ్బ వేరు కొనకే తగులును.

అప్పుడు మొక్కలోని హార్మోనులే పనికి పూనుకొనును. ఎథిలీను హెచ్చి, ఆక్సిను వేరు కొనయందు పోగుపడి, వేరు సాగుట మందగించును. అదే ఆక్సిను, ఆబ్సిసిక్ ఆమ్లము కొన్ని పైరులలో మేలును చేయును. వాటి ప్రేరణచే సోయాచిక్కుడు వేరు సిట్రిక్ ఆమ్లమును ఎక్కువగా విడుచును. గోధుమ వేరు మాలిక్ ఆమ్లమును విడుచును. ఈ పనికి మూలమైన జన్యువును శాస్త్రజ్ఞులు 2004లో వెల్లడించిరి. ఈ ఆమ్లములు అల్యూమినియమును పట్టి వేరులో చొరనీయవు. ఒకే హార్మోను కీడును చేయును, మేలును చేయును. ఆకుపై చల్లిన ద్రవముతో ఈ లెక్క సరిచేయుట రైతుకు సాధ్యమా?

పైగా మన చెల్క నేలలు చాలవరకు తటస్థమునకు దగ్గరగా నుండును. ఈ బాధ ముఖ్యముగా అధిక వర్షములకు సున్నము కొట్టుకొనిపోయిన విశాఖ మన్యపు కొండ నేలలలోను, కేరళలోను, ఈశాన్య రాష్ట్రములలోను వచ్చును. అచ్చట పరీక్షను బట్టి సున్నము వేయుట మొదటి చికిత్స. దానిని చూచి మనము చెల్కలో సున్నము చల్లినచో జింకు, ఇనుము పైరుకు అందక కొత్త చిక్కు వచ్చును. మన చేలలో మొక్కను పెరికి చూడుడు: వేరుపై బుడిపెలున్న నులిపురుగును, అడుగున గట్టి పొరయున్న లోతు దుక్కి లేమిని అనుమానింపవలెను.

ఎకరమునకు ఎనిమిది, పది చోట్ల ఆరంగుళముల లోతున మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో పరీక్షకు పంపుడు. వ్యవసాయ విశ్వవిద్యాలయము రాజేంద్రనగరములో మన దగ్గరనే ఉన్నది. గ్రామాధికారులారా, రైతు చేతికి సీసా రాకముందే మట్టి సంచి పట్టించుడు. మొక్కకు కావలసిన హార్మోనును మొక్కయే చేసికొనును. అది బ్రతుకదగిన నేలను సిద్ధపరచుట మన వంతు.