పసిచర్మంలో ఎముక

నూనె రాసి లాలపోసే చేతులకు పసిబిడ్డ ఒంట్లోని ప్రతి మడతా పరిచయమే. తొడ మీదో వీపు మీదో చర్మంలో బియ్యపు నూకలు ఇరుక్కున్నట్టు గరగరగా తగిలితే ముందు తెలిసేది ఆ చేతులకే. "ఇక్కడేదో గట్టిగా ఉంది" అని తల్లో అమ్మమ్మో చెప్పినప్పుడు, వేడి చేసిందనో సెగ్గడ్డ అనో చెప్పి పంపేయకూడదు. అరుదుగానే అయినా, అది అసలైన ఎముక కావచ్చు.

గట్టిగా తగిలేదల్లా ఎముక కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు సెలైన్‌లో ఎక్కించే కాల్షియం నరం పక్కకు కారినా, రక్తపరీక్షలకని మడమను పదేపదే గుచ్చినా అక్కడ సున్నం పేరుకుంటుంది. అది చాలావరకు నెలల్లో తనంతట తానే కరిగిపోతుంది. కాన్పు కష్టమైన పిల్లల్లో చర్మం కింది కొవ్వు దెబ్బతిని గడ్డలు కట్టడమూ ఉంది. అలాంటప్పుడు రక్తంలో కాల్షియం పెరుగుతుందేమో కొంతకాలం చూస్తూ ఉండాలి. ఎముక సంగతి వేరు. దెబ్బా సూదిపోటూ లేకుండానే అది మొదలవుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన ఫ్రెడరిక్ కాప్లాన్ బృందం 1994లో ఇలాంటి పిల్లల జబ్బును విడిగా గుర్తించి, ప్రోగ్రెసివ్ ఆసియస్ హెటిరోప్లేసియా అని పేరు పెట్టింది. చర్మంలో పుట్టిన ఎముక మెల్లగా కొవ్వులోకి, కండరంలోకి దిగుతుంది. కీలు దాకా పాకితే ఆ కీలు బిగుసుకుపోతుంది, ఆ కాలో చెయ్యో సరిగా ఎదగదు. తల్లి గర్భంతో ఉండగా కాల్షియం మాత్రలు వేసుకున్నందుకు వచ్చేది కాదిది. 20వ క్రోమోజోమ్ మీదున్న జీఎన్ఏఎస్ అనే జన్యువులో లోపమే మూలమని 2002లో తేలింది.

ఆ లోపం ఎవరి వైపు నుంచి వచ్చిందన్నదీ ముఖ్యమే. లోతుకు దిగే ఈ జబ్బు ఎక్కువగా తండ్రి వైపు జన్యువు చెడితే వస్తుంది. తల్లి వైపుది చెడితే చర్మంలో ఎముకతో పాటు హార్మోన్ల చిక్కు కూడా వస్తుంది. కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ హార్మోన్ రక్తంలో పుష్కలంగా ఉన్నా కిడ్నీలు దానికి స్పందించవు. కాల్షియం పడిపోయి ఫిట్స్ రావచ్చు, థైరాయిడ్ మందగించవచ్చు, ఎత్తు పెరగకపోవచ్చు. డాక్టర్ ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1942లో వర్ణించిన జబ్బు ఇదే. కొందరు పిల్లల్లో వీటన్నిటికంటే ముందు పైకి కనిపించేది చర్మంలోని ఆ గట్టి మచ్చే. అప్పుడే కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తే ఫిట్స్ దాకా పోనివ్వకుండా మందులతో అదుపు చేయవచ్చు.

ఇక్కడ తొందరపాటుతోనూ ప్రమాదం ఉంది. ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికన్స్ ప్రోగ్రెసివా అనే మరో జబ్బులో చిన్నపిల్లల మెడ మీద, వీపు మీద వాపులు లేస్తాయి. కేన్సరేమోనని ముక్క కోసి పరీక్షకు పంపితే, కోసినచోటే కొత్త ఎముక పుట్టుకొస్తుంది. కండలోకి వేసే ఇంజెక్షన్‌తోనూ అదే జరగవచ్చు. దీనికి కారణమైన ఏసీవీఆర్1 జన్యువును 2006లో కనిపెట్టారు. ఆనవాలు మాత్రం పుట్టినరోజే బిడ్డ పాదాల్లో కనిపిస్తుంది. రెండు బొటనవేళ్లూ పొట్టిగా, పక్కవేళ్ల వైపు వంగి ఉంటాయి. దాదాపు ప్రతి రోగిలోనూ ఉండే గుర్తు ఇది. చూడడానికి నిమిషం కూడా పట్టదు.

చర్మంలో పుట్టే ఎముకను ఆపే మందు ఇంకా లేదు. కోసి తీసినా చాలాసార్లు మళ్లీ వస్తుంది. అందుకే కత్తి పట్టేముందు ఎక్స్‌రే, రక్తపరీక్షలు, బొటనవేళ్ల పరిశీలన తప్పనిసరి కావాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి పుట్టుకతో వచ్చే లోపాల కోసం పిల్లలను పరీక్షిస్తోంది. ఆ జాబితాలో వంకర పాదాలున్నాయి. వాటితో పాటే బొటనవేళ్లనూ చూడాలి, "ఒంటి మీద ఎక్కడైనా గట్టిగా తగులుతోందా అమ్మా?" అని తల్లిని అడగాలి. 2021 అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. శ్రీకాకుళం, ఆదిలాబాద్ పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఒక ఫొటో, ఒక ఎక్స్‌రే పంపి అక్కడి నిపుణులను వెంటనే సంప్రదించే ఏర్పాటును రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ చేయాలి.