మేలు సూక్ష్మజీవులును, మన మందుల వాడుకయు



దూడ రెండుమారులు పారినంతనే, పశువైద్యుని అడుగకయే దుకాణమునుండి ఆంటీబయోటిక్ మాత్ర తెచ్చి మ్రింగించు వాడుక మన గ్రామములందు కానవచ్చుచున్నది. దీనివలన మేలుకన్న కీడే యెక్కువయని నా యభిప్రాయము. కారణమును మనవి చేసెదను.

విశాఖపట్టణపు రేవును చూచినవారికి ఓడను గట్టునకు మోకులతో కట్టుట తెలియును. మోకు లేని యోడ అలల పాలగును. ప్రేగులలోని మేలు సూక్ష్మజీవుల సంగతియు నిట్టిదే. ప్రేగు గోడపై జిగురు పొర యొకటి కలదు. అది నిత్యము క్రొత్తగా ఊరుచుండును; పాతది మలముతో కొట్టుకొనిపోవును. లాక్టోబాసిల్లస్ జాతిలో కొన్నింటికి ఒడలిపై సన్నని నూగును, జిగురును పట్టుకొను మాంసకృత్తులును గలవు. వానితో అవి జిగురునకును, ఒక్కొక్కయెడ ప్రేగు కణములకును అంటుకొని నిలుచును. అవి చోటు నాక్రమించినచో రోగక్రిములకు తావు దొరకుట కష్టము. పైరు దట్టముగా నున్న మడిలో కలుపు తక్కువ గదా!

నిదర్శనము మన పొరుగుననే కలదు. ఒడిషా గ్రామములలో తల్లిపాలు త్రాగు 4,556 మంది నవజాత శిశువులపై జరిగిన పరీక్ష 2017లో ప్రకటింపబడినది. ప్రేగులకు అంటుకొను శక్తిని చూచి యెన్నుకొనిన లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను, దానికి ఆహారమగు చక్కెరతో కలిపి, సగముమందికి ఏడు దినము లిచ్చిరి. అరువది దినములలోపల సెప్సిస్ అను విషవ్యాధియో, మరణమో సంభవించినది ఇయ్యని వారిలో నూటికి 9 మందికి; ఇచ్చినవారిలో 5.4 మందికి మాత్రమే. శిశువు ప్రేగు వేరు, దూడ ప్రేగు వేరు. అయినను మేలు క్రిములకు చోటు కాపాడవలెనను నీతి రెంటికి నొక్కటియే.

ఆంటీబయోటిక్కులను నేను నిందించుట లేదు. భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున వెలువడి, 1948లో లోకమునకు తెలిసిన ఆరియోమైసిన్ ఎందరి ప్రాణములనో నిలిపినది. కాని యట్టి మందు పైరును కలుపును వేరుచేసి చూడదు. అనవసరముగా వాడినచో మడి ఖాళీయగును. ముందు మొలచునది కలుపే.

“వైద్యుడు వచ్చులోపల దూడ చచ్చినచో?” అని యడుగుదురు. పారుడులో దూడను చంపునది తరచుగా నీరు తరిగిపోవుటయే. కావున వెంటనే ఉప్పు, చక్కెర కలిపిన నీరు త్రాగించుచు వైద్యునికి కబురంపుడు. ఆయన వ్రాసిన మందును చెప్పినన్ని దినములును తప్పక ఇండు.

అన్నిటికన్న ముందు, ఈనిన రెండు గంటలలోపల దూడకు ముర్రుపాలు త్రాగనిండు. ఇంట జున్ను వండుకొనుట దూడ కడుపు నిండిన తరువాతనే.