కేకు పొంగలేదని పిల్లల్ని అనకండి

సెలవు రోజున మీ అమ్మాయో అబ్బాయో ఫోన్‌లో వీడియో చూసి కేకు చేస్తానంటారు. రెండు కప్పుల మైదా అని వీడియోలో చెప్పినట్టే వేస్తారు. తీరా కుక్కర్ మూత తీస్తే ఇటుకలా ఉంటుంది. "నీకెందుకివన్నీ, వెళ్లి చదువుకో" అనేస్తాం. చాలాసార్లు తప్పంతా ఆ కప్పులోనే ఉంటుందండీ.

మైదాను చెంచాతో మెల్లగా కప్పులో వేసి పైన చదును చేస్తే సుమారు 120 గ్రాములు తూగుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 గ్రాముల దాకా పోతుంది. రెండు కప్పులకు 60 గ్రాముల తేడా, అంటే అరకప్పు పిండి ఎక్కువ పడినట్టే. పైగా కప్పులన్నీ ఒకటి కావు. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250. మన స్టీలు గ్లాసు సంగతి సరేసరి.

పెద్దవాళ్లు గిద్ద, సోల, తవ్వ, మానికలతోనే కొలిచారు కదా అంటారేమో. కొలిచారు, ఎక్కువగా గింజల్ని. బియ్యం అదిమినా పెద్దగా అణగవు, పిండి అణుగుతుంది. మన నిడదవోలు ఇళ్లలో సంక్రాంతి అరిసెలకు లెక్క ఎలా చెబుతారో గమనించండి. ఇన్ని బియ్యానికి ఇంత బెల్లం అంటారు. తడిపిండికి కొలత చెప్పరు. పాకంలో పిండి కలిపేటప్పుడు ఇక చాలని చెయ్యే చెబుతుంది. కేకుకు ఆ వీలు లేదు, పొయ్యెక్కాక దిద్దలేం.

అందుకే వంటింట్లో చిన్న డిజిటల్ కాటా ఒకటి ఉండాలంటాను. కిరాణా కొట్లో మైదాను తూకంతోనే కొంటాం, ఇంటికొచ్చాక గ్లాసుతో కొలుస్తాం! గిన్నె పెట్టి, సున్నా నొక్కి, పిండి వేయడం ఆరో తరగతి పిల్లలకు కష్టమేమీ కాదు. ర్యాంకుల హడావుడిలో టైమెక్కడ అనకండి, పావుగంట చాలు. ఒకే గ్లాసులో మైదాను మూడు రకాలుగా నింపించి, మూడుసార్లు తూకం వేయించి, అంకెలు వాళ్లచేతే రాయించండి. తర్వాత అదే గ్లాసుతో పంచదార, నీళ్లు. ఘనపరిమాణం వేరు, ద్రవ్యరాశి వేరు అని బట్టీ పట్టింది కళ్లముందే కనిపిస్తుంది. ఇంకో పొరపాటు కూడా బయటపడుతుంది: కొలజాడీ మీది మిల్లీలీటర్ల గీతను పిండికి గ్రాములనుకోవడం. అది నీళ్లకే సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. బేకింగ్ సోడా వేసేది రెండు మూడు గ్రాములే. అంత తక్కువ బరువును ఇంటి కాటాలు చాలావరకు సరిగా చూపవు. దానికి మాత్రం కొలత చెంచానే వాడించండి, అంచు దాకా చదును చేసి.