చీకటి పడితే వెలిగే దీపం

తెల్లవారకముందే లేచే నానమ్మ మెట్టు తప్పకుండా పిల్లలే ఒక చిన్న దీపం అమర్చవచ్చు. నాలుగు పెన్సిల్ సెల్స్ ఇచ్చే 6 వోల్టులు చాలు. బీసీ547 ట్రాన్సిస్టరు చదును ముఖం మన వైపు, కాళ్లు క్రిందికి ఉంచితే ఎడమ నుండి వరుసగా కలెక్టరు, బేస్, ఎమిటరు. ధన ధ్రువం నుండి 220 ఓముల రెసిస్టరు, తెల్ల ఎల్‌ఈడీ మీదుగా కలెక్టరుకు తీగ కలపాలి. ఎల్‌ఈడీ పొడవు కాలు ధన ధ్రువం వైపే ఉండాలి. ఎమిటరు ఋణ ధ్రువానికి. ధన ధ్రువం నుండి బేస్‌కు 47 కిలో ఓముల రెసిస్టరు, బేస్ నుండి ఋణ ధ్రువానికి ఎల్‌డీఆర్. వెలుతురులో ఎల్‌డీఆర్ నిరోధం తగ్గి, బేస్‌కు చేరవలసిన విద్యుత్తును తన గుండా మళ్లిస్తుంది. చీకట్లో ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. బేస్ వద్ద సుమారు 0.7 వోల్టు ఏర్పడి దీపం వెలుగుతుంది. ఆ వెలుగే ఎల్‌డీఆర్‌పై పడితే దీపం మసకబారుతుంది, కనుక నడుమ నల్లని అట్టముక్క నిలపండి. ఇంటి 230 వోల్టుల ప్లగ్గుకు మాత్రం దీనిని ఎన్నడూ కలపరాదు.