స్టేషను నుంచి పది నిమిషాలు

పిల్లలూ!

ఒక కాగితమూ, వృత్తలేఖినీ తెచ్చుకోండి. ఈ నెల మనం రైలు స్టేషను చుట్టూ ఒక ఊరు కట్టబోతున్నాం. “స్టేషను సంగతి రైల్వేవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకు మాస్టారూ?” అంటారు కాబోలు. స్టేషను కట్టేది వాళ్ళే. కాని దాని చుట్టూ పెరిగే ఊళ్ళో కాపరం ఉండబోయేది మీరు గదా!

2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం అమరావతి మీదుగా ఒక కొత్త రైలు మార్గం మంజూరు చేసింది. అది ఖమ్మం జిల్లా ఎర్రుపాలెంలో బయలుదేరి, 3.2 కిలోమీటర్ల వంతెన మీద కృష్ణానదిని దాటి, నంబూరు దగ్గర విజయవాడ–గుంటూరు మార్గంలో కలుస్తుంది. మొత్తం 57 కిలోమీటర్లు. దారి పొడుగునా స్టేషన్లు వస్తాయి. స్టేషను వస్తుందనగానే చుట్టూ ఇళ్ళు లేస్తాయి. అవి ఎట్లా లేవాలి?

తొందర లేకుండా నడిచే మనిషి నిమిషానికి సుమారు 80 మీటర్లు నడుస్తాడు. పది నిమిషాలకు 800 మీటర్లు. 2017లో కేంద్రం ప్రకటించిన విధానంలో కూడా స్టేషను నుంచి 500 మొదలు 800 మీటర్ల మేర అనే మాటే ఉన్నది. నడిచి రాగల ఆ మేరలో ఇళ్ళూ, బళ్ళూ, ఆఫీసులూ, అంగళ్ళూ దగ్గర దగ్గరగా కట్టాలని దాని భావం.

ఇప్పుడు కాగితం మీద 8 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. సెంటీమీటరుకు వంద మీటర్లు. మధ్య చుక్క స్టేషను. వృత్త వైశాల్యం లెక్క కట్టితే సుమారు 200 హెక్టార్లు, అంటే దాదాపు 500 ఎకరాలు వస్తుంది. అందులో సగం రోడ్లకూ, బడికీ, ఆటస్థలానికీ, బజారుకూ వదిలేద్దాం. మిగిలిన 250 ఎకరాల్లో అయిదేసి సెంట్లకు ఒక ఇల్లు చొప్పున 5,000 ఇళ్ళు పడతాయి. అదే చోట మూడంతస్తులు వేసి, అంతస్తుకొక కాపరం పెడితే 15,000 కుటుంబాలు ఉండవచ్చు. ఆ ఎక్కువైన పదివేల కుటుంబాలకూ విడివిడిగా అయిదేసి సెంట్లు ఇవ్వాలంటే, రోడ్ల మాట అటుంచి, మరి 500 ఎకరాలు కావాలి. మన డెల్టాలో 500 ఎకరాలంటే ఏమిటో మీ తాతగారిని అడగండి. ఎకరానికి ఎన్ని బస్తాలో ఆయన చెబుతారు, గుణించుకోండి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జపాన్‌లో కొబయాషి ఇచిజో అనే ఆయన 1910లో ఒసాకా నగరం నుంచి పల్లెల వైపు ఒక రైలు మార్గం వేయించాడు. పల్లెల్లో ప్రయాణికులేరి? అందుచేత ఆయన దారిలో ఇకెదా అనే చోట ఇళ్ళు కట్టించి, నెలనెలా వాయిదాల మీద అమ్మాడు. 1929లో నగరం కొసనున్న స్టేషనులోనే పెద్ద దుకాణం కూడా తెరిచాడు. ఇళ్ళూ, అంగడీ కలిసి రైలుకు జనాన్ని తెచ్చిపెట్టాయి.

కాని వృత్తలేఖినికి కాలవ అంటే ఏమిటో తెలియదు. నేను చదువుకునే రోజుల్లో మా స్టేషను కాలవ అవతల ఉండేది. మా అరుగు మీద నిలబడితే రైలు పొగ కనిపించేది. కాగితం మీద నాలుగు వందల మీటర్లే. కాని వంతెన దాకా పోయి చుట్టి రావాలంటే కిలోమీటరు పైనే! ఒక పరీక్ష రోజున కూత విని పరుగెత్తాను. వంతెన మీదికి వచ్చేసరికి రైలు కదిలిపోయింది. ఆ రోజు మా నాన్నగారు అన్న మాటలు ఇక్కడ రాయను.

స్టేషనుకు ఒక పక్కనే గుమ్మం పెట్టినా ఇంతే. పట్టాల అవతల సగం వృత్తం, అంటే 250 ఎకరాలు, దూరమైపోతుంది. అందుకని ఇళ్ళకంటే ముందు కాలవ మీద కాలిబాట వంతెనా, పట్టాల మీద రెండు వైపులా దిగే మెట్లూ కట్టాలి. ముసలివాళ్ళకు లిఫ్టు ఉండాలి. పట్టాల కింద నుంచి దారి తవ్వితే చవక అంటారు. మన వానలకు అది చెరువవుతుంది.

నీళ్ళ మాట వచ్చింది గనుక మరొకటి. డెల్టాలో సాగు కాలవలు మెరక మీద పోతాయి, మురుగు కాలవలు పల్లంలో పోతాయి. ఇళ్ళ కోసం పల్లం పూడ్చితే నీరు వేరొకరి ఇంట్లోకి పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఎట్లా మునిగిందో మీలో కొందరు కళ్ళారా చూశారు. రైలు కట్ట కూడా నీటికి అడ్డుగోడే. కట్టకు చాలినన్ని తూములు లేకుండా స్టేషను పక్కన ఇల్లు కట్టుకోమని నేనెవరికీ చెప్పను.

పెద్దలకు ఒక మాట. స్టేషను వస్తుందని తెలియగానే సెంటు ధర పెరుగుతుంది. పూలమ్మే ఆమె, హోటల్లో పనిచేసే కుర్రాడు, ఆసుపత్రి ఆయమ్మ దూరం జరుగుతారు. రైలు మీదే ఆధారపడ్డది వాళ్ళు! దగ్గర ఇల్లు కొన్నవాడు కారెక్కి పోతాడు. కాబట్టి ఆ వృత్తంలో కొన్ని చిన్న ఇళ్ళు తక్కువ అద్దెకు ముందే కేటాయించకపోతే, ఎన్ని అంతస్తులు లేపినా రైలు ఖాళీగానే పోతుందని నా అభిప్రాయం.

ఇక మీ పని. ఆదివారం పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని మీకు దగ్గరి స్టేషనుకు వెళ్ళండి. గుమ్మం దగ్గర గడియారం చూసుకుని పది నిమిషాలు ఒక దిక్కుకు నడవండి. ఆగిన చోట గుర్తు పెట్టి, వెనక్కు వచ్చి మరో దిక్కుకు నడవండి. నాలుగు దిక్కులా గుర్తులు వేసి, వాటిని కలిపి గీత గీయండి. వృత్తం రాదు. ఎక్కడ లోపలికి నొక్కుకుపోయిందో, అక్కడ అడ్డం వచ్చినది గోడో, కాలవో, కాలిబాట లేని రోడ్డో పక్కన రాసుకోండి.