పళ్ళూడిన పొత్తు

వేసవి సెలవులు రాగానే తల్లిదండ్రుల నుంచి మాకు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మౌలానా సాబ్! పిల్లలు ఫోను వదలడం లేదు, ఏం నేర్పించమంటారు?" ఖిరాఅత్, చేతిరాత, ఈత, కుట్టుపని అన్నీ మంచివే. పెరట్లో నాలుగడుగుల చదరం చోటుంటే తీపి మొక్కజొన్న కూడా విత్తించండని మేము చెబుతుంటాము. ఈ సలహా వెనుక మేము చేసిన తప్పు ఒకటుంది.

నిరుడు మా చిన్నబ్బాయి ప్రహరీగోడ వెంట ఒకే వరుసలో పది గింజలు నాటాడు. అక్కడ నాటమన్నది మేమే. మొక్కలు ఏపుగా పెరిగాయి. తీరా పొత్తులు ఒలిస్తే, పళ్ళూడిన నోటిలా అక్కడొక గింజ, ఇక్కడొక గింజ! నీళ్ళు పోయడంలో అశ్రద్ధ చేశావని బంధువుల ఎదుటే వాడిని మందలించాము. వాడు మారు పలకలేదు.

జుమా నమాజుకు వచ్చే ఒక రైతు సోదరునికి ఆ పొత్తు చూపగా, ఆయన నవ్వి అసలు సంగతి చెప్పారు. మొక్క తలపై విరిసే మగపూత నుంచి పుప్పొడి గాలికి రాలి, పొత్తు పీచు మీద పడాలి. ఒక్కొక్క పీచుపోగు ఒక్కొక్క గింజకు చెందినది. పుప్పొడి అందని పోగుకు గింజ కట్టదు. ఒంటి వరుసలో నాటితే పుప్పొడి చాలావరకు గాలికి కొట్టుకుపోతుంది. విత్తనాన్ని మొలకెత్తించేది ఎవరో ఆలోచించమని సూరా వాఖిఆ (63, 64 ఆయతులు) మనిషిని నిలదీస్తుంది. ఆ ఆయతులను ఏళ్ళ తరబడి బోధిస్తున్న మేమే, గింజ కట్టనందుకు పన్నెండేళ్ళ పసివాడిని దోషిని చేశాము.

మళ్ళీ అదే బంధువులు కూడిన రోజున, వారి ఎదుటే వాడిని క్షమాపణ కోరాము. తండ్రి కొడుకును క్షమాపణ అడగడమేమిటని పెద్దవారొకరు నొచ్చుకున్నారు. నలుగురిలో వేసిన నిందను చాటుగా ఉపసంహరించుకుంటే చాలదని మా అభిప్రాయం.

ఈ ఏడు వాడే కొలతలు తీసి నాలుగు వరుసలు, వరుసకు నాలుగు మొక్కలు, అడుగు ఎడంగా పెట్టాడు. ఏప్రిల్ చివర విత్తినందున, జూన్ నడుమ తొలకరి చల్లబరిచే వేళకు పూత వచ్చింది. మండుటెండలో పుప్పొడి చచ్చిపోతుంది కనుక ఇది కలిసివచ్చింది. పూతవేళ నీటి ఎద్దడి రానీయరాదు. గాలి లేని ఉదయాన మగపూతను మెల్లగా తట్టి పీచు మీద దులిపితే మరీ మంచిది.

గింజ పాలుపోసుకునే వేళకు చిలుకలు దిగాయి. వాడు రాయి తీశాడు. ముస్లిం వేసిన పైరును పక్షి గానీ, మనిషి గానీ, పశువు గానీ తింటే అది అతనికి సదఖా అవుతుందన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధను చెప్పాము. ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. వాడు రాయి వదిలి, "అయితే అబ్బా, పొత్తులకు గుడ్డ కట్టవచ్చా?" అన్నాడు. కట్టవచ్చన్నాము. పన్నెండు మొక్కలకు కట్టి, నాలుగింటిని చిలుకలకు వదిలాడు.

పీచు కనిపించిన ఇరవై రోజులకు అది గోధుమరంగుకు తిరిగి ఎండుతుంది. గింజను గోటితో నొక్కితే పాలు చిమ్మాలి. కోసిన వెంటనే ఉడికించుకోవాలి. ఆలస్యమైనకొద్దీ తీపి తగ్గి పిండిగా మారుతుంది.

బడి తెరిచిన నెలకు కోత వచ్చింది. మొదటి పొత్తును వాడే ఒలిచి, ఒక్క గింజైనా తక్కువుందేమో చూసుకోమని మా చేతిలో పెట్టాడు.